సంక్రాంతికి చేత్తో కుట్టి ఇద్దాం: మీ ప్రశ్నలు, నా జవాబులు

నెలగంట పెట్టిన దగ్గర్నుంచి నాకొచ్చే ఉత్తరాల్లో సూదీ దారం మాటే ఎక్కువగా ఉంటోంది. నాకు భలే సంతోషంగా ఉంది. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఐదు ప్రశ్నలు తీసుకున్నాను.

మా అత్తగారి నేతచీరలు ఆరు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నేను కట్టుకోలేను, స్టీలు సామాన్లవాడికి ఇవ్వడానికి మనసొప్పదు. పండక్కి మా అమ్మాయి ఎనిమిది నెలల బాబుతో వస్తోంది, భోగిపళ్ళు పోస్తాం. వాడికి వాటితో ఏమైనా కుట్టొచ్చా? మిషను లేదు, చేతికుట్టు మాత్రం వచ్చు. - ఒక పాఠకురాలు, తణుకు

బొంత కుట్టండమ్మా, ఇంకేం ఆలోచించకండి. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీర అంత హాయిగా పసివాడి ఒంటికి కొత్తబట్ట ఏదీ ఉండదు.

ముందు చీరలన్నీ విడివిడిగా తడిపి చూడండి, రంగు దిగే చీర ఉంటే పక్కన పెట్టేయండి. మిగతావి ఎండలో ఆరేసి, ఒక్కోదాన్నీ రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగండి. చిరిగేట్టున్న చోట్లు లోపలి పొరల్లోకి పోవాలి, గట్టిగా ఉన్న భాగం పైకీ కిందకీ రావాలి. చీర 5.5 మీటర్లు ఉంటుంది కదా, నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి సుమారు 1.37 మీటర్లు వస్తుంది, ఆ నాలుగూ పేరిస్తే ఒక్క చీరతోనే చంటిపిల్లాడి బొంత అయిపోతుంది. మీకు ఆరు ఉన్నాయి కాబట్టి ఒక్కో చీర నుంచి మంచి ముక్క తీసుకోండి, అన్నీ అందులో ఉంటాయి. జరీ అంచులు ముందే కత్తిరించేయండి, జరీ పసివాడి ఒంటికి గుచ్చుకుంటుంది. నూలు అంచులైతే దాచుకోండి, చివర్లో బొంత చుట్టూ మడిచి కుట్టడానికి పనికొస్తాయి.

నేల మీద పరిచి, ముడతలు లేకుండా నడిమధ్య నుంచి బయటికి కచ్చాకుట్టు, అంటే తర్వాత విప్పేసే పెద్ద పెద్ద కుట్లు, వేసుకోండి. ఈ పని బద్ధకించకండి, ఇక్కడ తొందరపడితే బొంత మధ్యలో ఉబ్బిపోతుంది. తర్వాత రెండు వేళ్ళ ఎడంతో వరసలు వేసుకుంటూ పోవడమే, ముప్ఫై అయిదు దాకా వస్తాయి. అంటే దాదాపు 50 మీటర్ల కుట్టు! గంటకి నాలుగు వరసలనుకున్నా తొమ్మిది గంటల పని, రోజూ మధ్యాహ్నం గంటన్నర కూర్చుంటే వారంలో అయిపోతుంది. నూలుదారమే వాడండి, గట్టి పాలిస్టర్ దారం పాత గుడ్డని కోసేస్తుంది.

మా అమ్మ ధనుర్మాసంలో ముగ్గూ గొబ్బెమ్మలూ అయ్యాక వసారాలో బొంత పరిచేది, పక్కింటి పిన్నిగారూ ఎదురింటి మామ్మగారూ సూదులు తెచ్చుకుని తలో వైపూ కూర్చునేవారు. నేను సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. మీరూ ఒకరిద్దరిని పిలవండి.

ఒక్క జాగ్రత్త. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు పక్కలో మెత్తటి బొంతలూ దిండ్లూ ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. కాబట్టి ఇది వాడు నేల మీద ఆడుకోవడానికి, మీ కళ్ళ ముందు దొర్లడానికి. అద్దాలు, పూసలు, గుండీలు ఒక్కటి కూడా కుట్టకండి, నోట్లో పెట్టుకుంటాడు. భోగిపళ్ళప్పుడు వాడిని ఆ బొంత మీదే కూర్చోబెట్టండి. అయిపోగానే రేగిపళ్ళూ చిల్లరా ఏరేసి, ఒకసారి దులిపి చూసుకోండి.

అక్కా, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. అమ్మకి నా చేత్తో ఏదైనా కుట్టి ఇవ్వాలనుంది. ఇంతవరకు సూది పట్టలేదు, చేతిలో సెలవులు మూడు రోజులే. - నిజామాబాద్

తమ్ముడూ, కూరగాయల సంచి కుట్టు. అమ్మ రోజూ వాడుతుంది, పైగా దానికి నాలుగు తిన్నని కుట్లు వస్తే చాలు. ముందు అమ్మ ఇప్పుడు మోసే సంచి దొంగచాటుగా కొలుచుకో. కాడలు చేతికి వేలాడేట్టు ఉన్నాయా, భుజానికి తగిలించుకునేట్టు ఉన్నాయా అన్నది అమ్మ అలవాటుని బట్టి ఉంటుంది, అది తప్పితే సంచి మూలన పడుతుంది.

గట్టి పాత దుప్పటి తీసుకుని, వెడల్పు 40, పొడవు 90 సెంటీమీటర్ల ముక్క కత్తిరించి, సగానికి మడిచి రెండు పక్కలా కుట్టు. కూరలు బరువు కదా, మామూలు కుట్టు ఆగదు. ప్రతిసారీ సూదిని ఒకడుగు వెనక దించి, రెండడుగులు ముందు తీస్తూ వెళ్ళు, అది గట్టిగా పట్టుకుంటుంది. మూతి దగ్గర రెండుసార్లు లోపలికి మడిచి కుట్టు. కాడలకి 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు నాలుగు మడతలు వేసి వాడు. సంచికి అతికే చోట చదరంగా చుట్టూ కుట్టి, మధ్యలో ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా రెండు కుట్లు వెయ్యి. మొదటిరోజు పాత గుడ్డ మీద ప్రాక్టీస్ చెయ్యి, కుట్లు వంకరపోతే విప్పి మళ్ళీ వెయ్యి, ఏమీ కాదు.

కిందటేడు పేరంటానికి ప్లాస్టిక్ డబ్బాలు వద్దనుకుని, రాత్రుళ్ళు కూర్చుని వాయనానికి గుడ్డసంచులు కుట్టాను. మా దగ్గర బంధువు ఒకావిడ అందరి ముందూ 'ఈసారి ఖర్చు బాగా తగ్గించావే' అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. ఈ ఏడు మళ్ళీ కుట్టనా, మానేయనా? - హైదరాబాద్

కుట్టండి. మీ ఉత్తరం చదివి నాకే గొంతు పట్టేసింది. ఒకసారి నేను ఓ గృహప్రవేశానికి దిండు గలీబుల మీద కాడకుట్టుతో మల్లెతీగ కుట్టి ఇచ్చాను, నెల పట్టింది. రెండేళ్ళ తర్వాత వాళ్ళింటికి వెళ్తే అవి అటక మీద కాగితం కూడా విప్పకుండా ఉన్నాయి. చాలా బాధపడ్డాను, అబద్ధం చెప్పను. అప్పట్నుంచి నేను ఎవరికిస్తున్నానో చూసుకుని కుడుతున్నాను. చేతిపని అంటే ఇష్టం ఉన్నవాళ్ళకే నా నెల రోజులు ఇస్తాను, తక్కినవాళ్ళకి పసుపు, కుంకుమ, పండు, తాంబూలం, జాకెట్టుముక్క, అదీ మర్యాదే. మీ పేరంటానికి వచ్చినవాళ్ళలో ఆ సంచిని ఇంకా వాడుతున్నవాళ్ళు ఎవరున్నారో గుర్తు తెచ్చుకోండి, వాళ్ళ కోసం ఈసారి ఇంకొంచెం బాగా కుట్టండి. లోపల అస్తరు వెయ్యండి, తమలపాకులు నలగకుండా అడుగు వెడల్పుగా పెట్టండి, మూతికి నర్సాపురం లేసు అంచు వెయ్యండి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని కొక్కెం సూదితో అల్లే లేసు అది, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కొనేటప్పుడు మాత్రం బేరమాడకండి, గజం అల్లడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ సంక్రాంతికి సెలవు ఉండదు, శనివారం బొమ్మలకొలువు పెడతాం. ఆరేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. వాళ్ళ చేత ఏం కుట్టించను?

మామిడాకుల తోరణం. ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ తీసుకోండి, దాని అంచులు పోగులు ఊడవు. బాబు ఆకులు కత్తిరిస్తాడు, పాప మొద్దుసూదితో, లావు దారంతో మధ్య ఈనె కుడుతుంది. అన్నీ ఒక తాడుకి మడిచి కుడితే గుమ్మానికి సరిపోతుంది. పాప కుట్లు వంకరగా ఉన్నాయని మీరు విప్పి మళ్ళీ కుట్టకండి, దయచేసి. వచ్చే ఏడు అవే కుట్లు చూసి మురిసిపోతారు.

మిషను మీద కుడుతుంటే కింద దారం ఉండలు కడుతోంది. పండగ దగ్గరపడింది, ఒకటే టెన్షన్. - అనంతపురం

కింద ఉండ కడితే తప్పు సాధారణంగా పైదారంలో ఉంటుంది, అందరూ కిందిదారం చుట్టి ఉండే బాబిన్ మీద పడతారు. మిషనులో గుడ్డని నొక్కిపట్టే పాదం పైకెత్తి, దారం మొత్తం తీసేసి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించండి. పాదం దించి ఉంటే దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకి అది సరిగ్గా దిగదు. సూది కూడా మార్చండి, మామూలు నూలుబట్టకి 14 నంబరు. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి. ఇంకా తగ్గకపోతే గుడ్డని జరిపే పళ్ళ కింద పేరుకున్న దూది బ్రష్‌తో తీసి, మిషను నూనె రెండు చుక్కలు వేసి, పాత గుడ్డ మీద కాసేపు ఆడించాకే మంచిబట్ట పెట్టండి.