పాత కెంపుల అడ్డిగ కొనేటప్పుడు రాళ్లు ఎట్ల చూసుకోవాలి?

కర్నూల్లో పాత కెంపుల అడ్డిగ (మెడలో వేసుకునే నగ) చూసినారు, రాళ్లు అసలువేనా అని అడిగినారు కదా. నగ పాతదైతే రాయి అసలుదే అనుకోవద్దండి, ఫ్యాక్టరీ కెంపులు 1900ల మొదట్లోనే వచ్చేసినాయి. 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి చూడండి, లోపల గుండ్రటి బుడగలుంటే ఎక్కువగా గాజే, వంపు తిరిగిన గీతలుంటే ఫ్యాక్టరీది, మరీ మచ్చ లేకుండా ఉన్నా నాకు డౌటే. రాయి వెనక మూసేసి పొదిగిన నగైతే రాయి కింద మెరిసే పల్చని రేకు పెట్టింటారు, ఆ ఎరుపులో కొంత రేకుదే, నీళ్లలో మాత్రం నానబెట్టొద్దు, రేకు పాడైతే రాయి కళ పోతుంది. తూకంలో రాళ్లూ లక్కా తీసేసి బంగారానికే రేటు కట్టమనండి. ఇంకోటి, కర్నూలు జిల్లా జొన్నగిరి పొలాల్లో వానలకు దొరికేది వజ్రాలు, ఈ కెంపు అక్కడిదే అని ఎవరన్నా చెప్తే వదిలేయండి. పెద్ద మొత్తమైతే జెమ్ ల్యాబ్ రిపోర్ట్ చూడందే డబ్బులియ్యొద్దు.