డెబియన్ 12 బాగానే ఉంది, 13కు మారాలా?

ప్రశ్న: మాది డీటీపీ, జిరాక్స్ షాపు. సిస్టమ్స్‌లో డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) నడుస్తోంది, ఇబ్బందేమీ లేదు. 13కు మారమని అందరూ అంటున్నారు. మారాలా?
– పాఠకుడు, కావలి

జవాబు: తొందరేం లేదు. 13 వచ్చింది 2025 ఆగస్టులో. 12కు దీర్ఘకాల భద్రతా అప్‌డేట్లు 2028 జూన్ దాకా ఉన్నాయి. శుభలేఖల సీజన్లో మాత్రం ముట్టుకోకండి.

32 బిట్ సిస్టమ్ అయితే 12లోనే ఉంచండి. 13లో దానికి ఇన్‌స్టాలర్, కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) రెండూ లేవు. 64 బిట్ అయితే బ్యాకప్ తీసి, బయటి రిపాజిటరీలన్నీ (డెబియన్‌వి కాని సాఫ్ట్‌వేర్ మూలాలు) ఆపేయండి. సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి రావాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్లో ‘బుక్‌వర్మ్’ (12 పేరు) ఉన్నచోటల్లా ‘ట్రిక్సీ’ (13 పేరు) అని మార్చి, ఆప్ట్ అప్‌డేట్, ఆపై ఫుల్ అప్‌గ్రేడ్ కమాండ్లు ఇవ్వండి. బూట్ పార్టిషన్ (సిస్టమ్ మొదలయ్యే ఫైళ్లుండే డిస్కు భాగం) విడిగా ఉంటే 300 ఎంబీ ఖాళీ చూసుకోండి. లేకపోతే కొత్త కెర్నల్ పట్టక సగంలో ఆగుతుంది. కరెంటు పోతే అదింకో తలనొప్పి, యూపీఎస్ ఉండాల్సిందే.

షాపు వాళ్లకు అసలు తంటా తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌తో. 13లో అది డిస్కు మీద కాక ర్యామ్‌లో ఉంటుంది, గరిష్ఠంగా సగం వరకు. 4 జీబీ ర్యామ్ అయితే 2 జీబీయే. పెద్ద ఫ్లెక్సీ ఫైలు పడితే నిండిపోయి ప్రింటు ఆగొచ్చు. సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో ‘టెంప్.మౌంట్’ను మాస్క్ చేసి (అంటే పనిచేయకుండా ఆపి) రీస్టార్ట్ చేస్తే మళ్లీ డిస్కు మీదికి వస్తుంది.

ప్రశ్న: లిబ్రేఆఫీస్ ఒక్కటే కొత్త వెర్షన్ కావాలంటే?
– పాఠకురాలు, ఒంగోలు

జవాబు: బ్యాక్‌పోర్ట్స్‌లో (మీ వెర్షన్‌కు సరిపడేలా చేసిన కొత్త ప్రోగ్రామ్‌లు) చూడండి. సోర్సెస్ ఫైల్లో ‘టెస్టింగ్’ (ఇంకా తయారీలో ఉన్న డెబియన్ వెర్షన్) లైను మాత్రం కలపొద్దు. గ్లిబ్‌సీ (ప్రోగ్రామ్‌లన్నిటికీ ఆధారమైన లైబ్రరీ) దగ్గర్నుంచి అన్నీ లాగేసుకుంటుంది, వెనక్కి రావడం కష్టం.