చామంతి మొగ్గ వేయడం లేదా? ముందు రోడ్డు దీపం చూడండి

ప్రశ్న: దేవనహళ్ళి దగ్గర ముప్పావు ఎకరంలో జూన్ ఆఖరులో పసుపు చామంతి నాటాను. లోపలి సాళ్లు దసరాకే పూసి మార్కెట్‌కు వెళ్లాయి. రోడ్డు వైపు పన్నెండు సాళ్లు మాత్రం ఏపుగా పెరిగాయే తప్ప ఒక్క మొగ్గ లేదు. బోరాన్ లోపమని షాపులో చెబితే రెండుసార్లు కొట్టాను. తర్వాత జిబ్బరెల్లిక్ యాసిడ్ కూడా ఇచ్చారు. మొక్కలు ఇంకా సాగాయి. వైరస్ ఏమైనా వచ్చిందా సార్?

జవాబు: వైరస్ కాదు, బోరాన్ లోపమూ కాదు. నేలలో లోపం ఉంటే రోడ్డు పక్క సాళ్లనే ఏరుకుని రాదు. ఆ రోడ్డు మీద ఈమధ్య ఎల్ఈడీ దీపాలేమైనా పెట్టారా? రాత్రి 10 గంటలకు వెళ్లి ఆ సాళ్లలో నిలబడండి. మీ నీడ మొక్కల మీద స్పష్టంగా పడుతుంటే జబ్బు అదే.

చామంతి పొడవైన చీకటి రాత్రులు వరుసగా దొరికితేనే పూస్తుంది. ఆకులో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంటుంది. రాత్రి మధ్యలో కాస్త ఎర్ర కాంతి తగిలినా మొక్క దాన్ని పగలు కిందే లెక్కేసుకుంటుంది. తెల్ల ఎల్ఈడీలో ఆ ఎర్ర కాంతి ఉంటుంది. బెంగళూరు చుట్టుపక్కల జూన్‌లో కూడా పగలు సుమారు 12 గంటల 50 నిమిషాలే, అంటే చామంతికి రాత్రి చాలినంత పొడవే, కాబట్టి ఇక్కడ కాలాన్ని తప్పు పట్టలేం. మొక్క బాగా పెరిగేదాకా పూత రాకుండా ఆపడానికి కొందరు రైతులు మొదటి నెల పొలంలో బల్బులు కట్టేది ఇందుకే. మీకు ఆ పని రోడ్డు దీపం ఉచితంగా, ఆపకుండా చేసిపెడుతోంది!

పూయమనే సంకేతం కొమ్మ చివర పుట్టదు, ఆకుల్లో తయారై పైకి వెళ్తుంది. 1930లలో రష్యాలో చైలాఖ్యాన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి తేల్చింది కూడా చామంతి మీదే. అందుకని చీకటి ఆకులన్నిటికీ అందాలి, చివర్లకు గుడ్డ కప్పితే చాలదు.

ఇక జిబ్బరెల్లిక్ యాసిడ్. వరి నారును సన్నగా, పొడవుగా సాగదీసి చంపే శిలీంద్రంలో దొరికిన పదార్థం అది. కణుపుల మధ్య దూరం పెంచుతుంది, చామంతికి చీకటి చేసే పని చేయదు. ఎంత మోతాదులో కొట్టారో మీరు రాయలేదు, షాపాయన చెప్పి కూడా ఉండడు.  హార్మోను మందును టానిక్కులా అమ్మేవాళ్లను, పొలం చూడకుండా లోపం పేరు చెప్పేవాళ్లను నమ్మి ఎన్నాళ్లు డబ్బు పోస్తారు? బోరాన్ కూడా ఇక వద్దు. ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. పంచాయతీ వాళ్లతోనో లేఅవుట్ వాళ్లతోనో మాట్లాడి దీపానికి పొలం వైపు రేకు మూత బిగించమనండి. అది జరిగేలోపు నాలుగు మొక్కల మీద కర్రలు పాతి, సాయంత్రం 6 నుంచి ఉదయం 6.30 దాకా నల్ల పాలిథిన్ కప్పండి. పొద్దున తప్పకుండా తీసేయాలి. 21 రోజులు, ఒక్క రాత్రి కూడా మానకూడదు. మూడు నాలుగు వారాల్లో వాటికి మొగ్గ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

యూరియా ఆపేయండి. ఇప్పుడు తలలు తుంచితే పూత ఇంకా వెనక్కి పోతుంది. సాగిన కొమ్మలకు వెదురు పుల్లలు కట్టండి చాలు. మొగ్గలు కనిపించాక 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరు నీటికి 5 గ్రాములు కలిపి, 10 రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. మొక్కల మీద దీపం వెలుగు పడటం ఆగిన రోజు నుంచి కోతకు 8–10 వారాలు పడుతుంది. దీపావళి మీద ఆశ వదులుకోండి. ఈ నెలాఖరులోపు మూత పడితే సంక్రాంతికి పూలు అందుతాయి.

మూత పెట్టించడం కుదరకపోతే వచ్చే ఏడాది ఆ పన్నెండు సాళ్లలో గులాబీయో టమాటానో వేయండి. వాటి పూతకు రాత్రి పొడవుతో పనిలేదు.