నడికట్టు బిగిస్తే పొట్ట తగ్గుతుందా?

ప్రశ్న: రెండో కాన్పయి 4 నెలలైంది. మామూలు కాన్పే. పొట్ట మాత్రం ఇంకా ఐదో నెల కడుపులా ఉంది. మొన్న పెళ్లిలో చుట్టాలు "మళ్లీ నీళ్లోసుకున్నావా?" అనేశారు. మా అత్తగారు పాత చీరతో నడికట్టు బిగించి కడుతున్నారు, పథ్యమూ పెడుతున్నారు. అద్దం చూసుకోబుద్ధి కావడం లేదు.
- ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అదంతా కొవ్వేనని అనుకోకండమ్మా. కడుపు పెరిగేటప్పుడు పొట్ట మీది రెండు నిలువు కండరాలు పక్కలకు జరుగుతాయి. చాలామందికి 8 వారాల్లో దగ్గరపడతాయి, కొందరికి పడవు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. బొడ్డు పైన వేళ్లు అడ్డంగా ఆనించి, తల, భుజాలు కాస్త లేపండి. మధ్యలో రెండు వేళ్లకు మించి సందు తగిలితే కారణం అదే.

నడికట్టు నడుముకు ఆసరా ఇస్తుందే గానీ ఆ సందును పూడ్చదు. మరీ బిగిస్తే ఒత్తిడి కిందికి దిగి, దగ్గినా తుమ్మినా మూత్రం జారవచ్చు. కట్టుకోవాలనిపిస్తే అరచెయ్యి దూరేంత వదులుగా కట్టుకోండి, పడుకునేటప్పుడు విప్పేయండి.

అసలు పని ఊపిరితో. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచిన అదే భంగిమలో ఊపిరి వదులుతూ బొడ్డును వెన్ను వైపు లాగండి. మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు కింది కండరాలనూ బిగించండి. 5 సెకన్లు ఉంచి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టడమే చాలామంది చేసే తప్పు. పొట్ట మధ్యలో గట్టులా ఉబికితే ఆపేయండి. పడుకుని లేచే బస్కీలు ఇప్పుడు వద్దు, అవి సందును పెంచవచ్చు. మంచం మీంచి పక్కకు ఒత్తిగిలి, చేతులు ఆనించి లేవండి. పెద్దబిడ్డనో నీళ్ల బిందెనో ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. ఆరేడు వారాలైనా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి. మీకు శ్రీకాకుళం దగ్గర. ఒడిశా వైపే చూపించుకోవాలంటే బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బొడ్డు దగ్గర గట్టి ఉబ్బు, నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి.

పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు దాదాపు 600 కేలరీలు అదనంగా కావాలి. మిరియాల చారన్నంతో సరిపెట్టే పథ్యానికి నీరసమే మిగులుతుంది. పప్పు, గుడ్డు, చేప, రాగి అంబలి అడిగి మరీ తినండి. పొట్ట మీది కాన్పు చారలు ఏ క్రీముకూ పూర్తిగా పోవు, కాలం గడిచేకొద్దీ పాలిపోతాయి.

ఏడుపు, నిద్రలేమి, అద్దం మీద విముఖత రెండు వారాలు దాటితే పొట్ట సంగతి పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్, ఉచితం. తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడతారు.