రాయితీలు ఇచ్చినా స్థానికులకు ఉద్యోగాలు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: వెనుకబడిన ప్రాంతాల్లో నిరుద్యోగం తగ్గించడానికని ప్రభుత్వాలు పరిశ్రమలకు భూమి ఇస్తాయి, పన్నులు మినహాయిస్తాయి, పెట్టుబడిలో కొంత తామే భరిస్తాయి. ఇంత చేసినా కర్మాగారం ప్రహరీని ఆనుకుని ఉన్న ఊళ్లలోని యువకులకు పని దొరకడం లేదు. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: రాయితీని దేన్ని బట్టి లెక్కగడుతున్నారో ముందుగా చూడాలి. పెట్టుబడిని బట్టి రాయితీ ఇస్తే, డబ్బు ఎక్కువగానూ మనుషులు తక్కువగానూ అవసరమయ్యే పరిశ్రమలే ముందుకు వస్తాయి. యంత్రం కొనడం చవకవుతుంది గాని మనిషిని పనిలో పెట్టుకోవడం చవక కాదు. ఇటలీ ప్రభుత్వం తన దక్షిణ ప్రాంతపు పేదరికాన్ని తగ్గించడానికి 1950లో ‘కాసా పెర్ ఇల్ మెజోజోర్నో’ అనే ప్రత్యేక నిధిని నెలకొల్పింది. మొదట్లో ఆ డబ్బు ఎక్కువగా రోడ్లకు, సాగునీటికి, తాగునీటికి, భూముల అభివృద్ధికి ఖర్చయింది. తరువాత టారాంటోలో ఉక్కు, జేలాలో పెట్రోరసాయనాల వంటి భారీ పరిశ్రమల మీద ఆశలు పెట్టుకున్నారు. టారాంటోలో వేలమందికి పని దొరికిన మాట వాస్తవమే, కానీ ఇలాంటి కర్మాగారాల చుట్టూ పుట్టుకొస్తాయనుకున్న అనుబంధ పరిశ్రమలు ఆశించినంతగా రాలేదు. అందుకే ఇటలీలో వీటికి ‘ఎడారిలో కట్టిన ప్రార్థనా మందిరాలు’ అన్న పేరు స్థిరపడింది. ఆ నిధిని 1984లో మూసివేశారు.

బ్రిటన్ అనుభవం ఇంకా స్పష్టంగా ఉంది. అక్కడ వెనుకబడిన ప్రాంతాల సంస్థలకు ఇచ్చిన పెట్టుబడి సాయం గురించి 2019లో ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. గరిష్ఠ రాయితీని పెట్టుబడిలో 20 శాతం నుంచి 30 శాతానికి పెంచడం వంటి మార్పు జరిగితే, ఆ ప్రాంతపు తయారీ రంగంలో ఉద్యోగాలు సుమారు 10 శాతం పెరుగుతాయని అందులో తేలింది. అయితే ఆ పెరుగుదల అంతా చిన్న సంస్థల్లోనే కనిపించింది. పెద్ద సంస్థలు సాయం అందుకున్నాయి గాని ఉద్యోగాలు పెంచలేదు. ఈ విషయంలో నేను చదివిన వాటిలో ఇంతకంటే ఆలోచింపజేసిన ఫలితం మరొకటి లేదు. పెద్ద సంస్థ రాయితీ లేకపోయినా చాలాసార్లు ఆ పెట్టుబడి పెట్టగలదు. బ్యాంకు అప్పు దొరకక విస్తరణ ఆపుకున్న చిన్న సంస్థకు మాత్రం అదే సాయం నలుగురిని కొత్తగా పనిలో పెట్టుకునే ధైర్యాన్ని ఇస్తుంది. అయినా మంత్రులు శంకుస్థాపనకు వెళ్లేది పెద్ద కర్మాగారానికే కాబట్టి ప్రభుత్వ ధనం కూడా అటే ప్రవహిస్తోంది.

నైపుణ్యం సంగతి కూడా ఉంది. కట్టడం సాగినన్నాళ్లు మట్టిపని, తాపీపని స్థానికులకు దొరుకుతాయి. యంత్రాలు నడవడం మొదలయ్యేసరికి వాటిని నడపగలిగినవారు బయటి నుంచి వస్తారు. ఫిట్టర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది గనుక, శిక్షణ భూసేకరణ నాటికే మొదలుకావాలి తప్ప ప్రారంభోత్సవం తరువాత కాదు.

ప్రశ్న: ఉద్యోగాలను మనుషుల దగ్గరకు తేవడం కంటే మనుషులనే ఉద్యోగాలున్న చోటికి పంపడం తేలిక కదా?

జవాబు: ఆ ప్రయత్నమూ జరిగింది. బొగ్గు గనుల ప్రాంతాల్లో పని కోల్పోయిన వారిని ఇతర ప్రాంతాలకు తరలించడానికి బ్రిటన్ 1928లో ఒక బోర్డునే ఏర్పాటు చేసింది. ఇలాంటి తరలింపులో ముందుగా కదిలేది వయసులో ఉన్నవారు, చేతిలో నైపుణ్యం ఉన్నవారు. మిగిలేది వృద్ధులు, రోగులు, ఇల్లు అమ్ముకుందామన్నా కొనేవారు దొరకనివారు. వెళ్లినవారి ఖర్చుల మీద బతికిన దుకాణాలు, బడులు, వైద్యులు కూడా క్రమంగా ఆ ఊరిని వదిలేస్తారు కాబట్టి, ఒకరి వలస మరొకరి నిరుద్యోగంగా మారుతుంది. వెళ్లదలచుకున్నవారికి దారి ఖర్చులు, అద్దె సాయం ఇవ్వడం మంచిదే. దాన్నే విధానంగా చేసుకోవడం మాత్రం ఆ ప్రాంతాన్ని వదిలేయడమే అవుతుంది.

బ్రిటన్ కూడా 1934లో ప్రత్యేక ప్రాంతాల చట్టం చేసి, ఉద్యోగాలనే ఆ ప్రాంతాలకు తీసుకువెళ్లే దారి పట్టింది. ఆ సాయం చాలలేదు. నౌకానిర్మాణ కేంద్రం మూతపడిన జారో పట్టణం నుంచి 1936 అక్టోబరులో 200 మంది, తమ ఊరికి మళ్లీ పరిశ్రమ కావాలన్న విజ్ఞాపనతో లండన్ వరకు నడిచి వెళ్లారు. తమను మరో ఊరికి పంపమని వారు అడగలేదన్నది గుర్తుంచుకోవాలి. అదే ఏడాది ఆ ప్రాంతానికి దగ్గరలోనే టీమ్ వ్యాలీ పారిశ్రామిక వాడ మొదలైంది. అక్కడ ప్రభుత్వ ధనంతో కట్టిన షెడ్లను చిన్న పరిశ్రమలకు అద్దెకు ఇచ్చారు. స్థలం కోసం పెట్టుబడి పెట్టనక్కరలేని ఈ పద్ధతిని నేటికీ ఎన్నో దేశాలు అనుసరిస్తున్నాయి.

ప్రశ్న: సాయం ఆపేస్తే పరిశ్రమలు వెళ్లిపోతాయని భయపెడుతున్నారు. రాయితీలు ఎప్పటికీ ఇస్తూనే ఉండాలా?

జవాబు: సాయం ఏ రూపంలో ఇచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. పన్ను మినహాయింపు ఒక్కటే చూసి వచ్చిన సంస్థకు గడువు తీరాక అక్కడ ఉండడానికి కారణం మిగలదు. అమెరికా 1933లో టెనెస్సీ నదీలోయ కోసం ఏర్పాటు చేసిన సంస్థ ఆనకట్టలు, విద్యుత్తు, నౌకాయాన మార్గాల వంటి శాశ్వత నిర్మాణాలపై దృష్టి పెట్టింది. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ సాయం తగ్గిన తరువాత అక్కడ వ్యవసాయంలో కనిపించిన లాభాలు కరిగిపోయాయి గాని, కర్మాగారాల ఉద్యోగాలు పెరుగుతూనే వచ్చాయి. అయితే పరిశ్రమలు ఒకచోట చేరడం వల్ల ఆ లోయకు కలిగిన అదనపు లాభాన్ని, దేశంలోని ఇతర ప్రాంతాలు కోల్పోయినది దాదాపు పూర్తిగా హరించిందని కూడా ఆ అధ్యయనం అంచనా వేసింది. అందువల్ల ఒక జిల్లాలో ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో ప్రకటించే ప్రభుత్వం, అవి ఏ జిల్లా నుంచి కదిలి వచ్చాయో కూడా అదే పత్రంలో చెప్పాలని మనం అడగాలి.