అమ్మకు ప్రూకలోప్రైడ్ మాత్ర మొదలుపెట్టారు, మొదటి రోజే తలనొప్పి, విరేచనాలు. ఆపేయాలా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మహబూబ్‌నగర్‌లో ఉండే మీ అమ్మకు 67 ఏళ్ళు, షుగర్ ఉంది, ఏళ్ళ తరబడి మోషన్ సాఫ్‌గా రాదు. లాక్టులోజ్ సిరప్‌తో లాభం లేకపోతే డాక్టర్ ప్రూకలోప్రైడ్ 2 మి.గ్రా. మాత్ర రోజుకొకటి రాశారు. వేసిన రోజే తలనొప్పి, నీళ్ళ విరేచనాలు అయ్యేసరికి అమ్మ భయపడి ఇక వద్దంటోంది. ఆపేయాలా, అలవాటుగా మారుతుందా, మీకూ అదే బాధ ఉంది కాబట్టి మీరూ వేసుకోవచ్చా అని అడిగారు.

మాది నల్లగొండ. ఈ మాత్ర నేను వాడుతున్నా, మా నాయన కూడా వాడుతున్నాడు. నేను డాక్టర్‌ని కాదు, కానీ దీని గురించి డాక్టర్‌ను బాగా విసిగించినదాన్ని కాబట్టి చెప్తున్నా.

ముందు తలనొప్పి సంగతి. తలనొప్పి, వికారం, కడుపులో నొప్పి, పలచగా విరేచనం కావడం, ఇవన్నీ ఈ మందుతో మామూలుగా వచ్చేవే, ఎక్కువమందిలో మొదటి రోజే మొదలై కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. నాకూ మొదటి రోజంతా తల బరువుగా ఉండి, కడుపు గుడగుడలాడుతూనే ఉంది, తర్వాత దానంతటదే సర్దుకుంది. అందుకని తలనొప్పి ఒక్కటే అయితే టెన్షన్ పడక్కర్లేదు. కానీ మీ అమ్మ విషయంలో ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి అంటాను, ఎందుకంటే 65 దాటినవాళ్ళకు ఈ మాత్ర సాధారణంగా 1 మి.గ్రా.తో మొదలుపెట్టి, సరిపోకపోతేనే 2కి పెంచుతారు. మీ డాక్టర్ 2 రాయడానికి కారణం ఏదైనా ఉండొచ్చు, అది ఆయన్నే అడగాలి. "సార్, అమ్మకు 67 ఏళ్ళు, షుగర్ ఉంది, విరేచనాలు అవుతున్నాయి, 1 మి.గ్రా.తో మొదలుపెట్టొచ్చా?" అని సూటిగా అడగండి, తప్పేం లేదు. మీరే మాత్ర విరిచి సగం ఇవ్వడం మాత్రం వద్దు, 1 మి.గ్రా. మాత్ర విడిగా దొరుకుతుంది.

ఇంకొకటి, షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో ఇది ముఖ్యం. ఈ మందు శరీరంలోంచి ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు 1 మి.గ్రా. మించి ఇవ్వరు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు అసలు ఇవ్వకూడదు. మా నాయనకు బీపీతో కిడ్నీ కొంచెం దెబ్బతిన్నది, డాక్టర్ క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) రిపోర్ట్ చూసేదాకా పెన్ను పట్టలేదు, చూశాక 1 మి.గ్రా. రాశారు. మీ అమ్మకు ఈ మధ్య క్రియాటినిన్ పరీక్ష చేయించకపోతే ముందు అది చేయించండి.

విరేచనాలు ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోయినా, అమ్మ నీరసంగా పడుకున్నా, మూత్రం తగ్గినా ఆగకుండా చూపించండి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతుంటే మరీ జాగ్రత్త, ఒంట్లో నీళ్ళు రెండు దారుల్లోనూ పోతాయి. ఓఆర్‌ఎస్ తాగించొచ్చు, కానీ మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పక్కనే అమ్మే తియ్యటి డ్రింకులు కాదు, నీళ్ళలో కలిపే పొడి. మోషన్‌లో రక్తం పడినా, కడుపు నొప్పి తట్టుకోలేనంతగా వచ్చినా మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికే పోవాలి. మొదటి రోజుల్లో కొందరికి కళ్ళు తిరిగినట్టు కూడా ఉంటుంది, రాత్రి బాత్‌రూమ్‌కి ఒక్కతే పోకుండా చూసుకోండి. బండి నడిపేవాళ్ళయితే ఆ ఒక్కరోజు బస్సులో పోవడం మేలు.

ఇప్పుడు అలవాటు సంగతి. మన దగ్గర చిక్కు ఏంటంటే మోషన్‌కు సంబంధించిన ప్రతి మందునూ జులాబు మందే అనుకుంటారు. చిన్నప్పుడు ఆముదం తాగించిన లెక్కే ఇదీ అనుకుని, రాకపోతే ఒకటి వేయడం, బాగా వస్తే ఆపేయడం, రెండ్రోజులు రాకపోతే రెండు వేయడం. ప్రూకలోప్రైడ్ ఆ కోవలోది కాదు. పేగు గోడలో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే ఒక రకం గ్రాహకాల మీద పనిచేసి, మందగించిన పేగు కదలికను లేపుతుంది. లాక్టులోజ్ వేరు, అది పెద్దపేగులోకి నీళ్ళు లాగి మలాన్ని మెత్తబరుస్తుంది, దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, గ్యాస్ కూడా చేస్తుంది. ఒకదాని లెక్క ఇంకోదానికి కుదరదు. ఈ మాత్ర డాక్టర్ చెప్పినట్టు రోజుకొకటి, తిన్నాకైనా తినకముందైనా పర్వాలేదు, నేనైతే గుర్తుంటుందని పొద్దున చాయ్ తాగేటప్పుడు వేసుకుంటా. ఒక రోజు మర్చిపోతే మరునాడు మామూలుగా ఒకటే, రెండు కలిపి వేయొద్దు. రోజుకు 2 మి.గ్రా. దాటితే ఫలితం పెరగదు, ఇబ్బందులే పెరగొచ్చు.

మత్తు మందులాగా అలవాటు చేసే గుణం దీనికి లేదు. ఆపితే మలబద్ధకం తిరిగి రావొచ్చు, కానీ అది అసలు జబ్బు అట్లాగే ఉండటం వల్ల. అలాగని ఏళ్ళ తరబడి పాత చీటీ చూపించి కొనుక్కుంటూ పోవడమూ సరికాదు. నాలుగు వారాలు వాడినా మార్పు కనిపించకపోతే, కొనసాగించాలా వద్దా అని మళ్ళీ డాక్టర్‌ని కలవాలి. మెడికల్ షాపు అన్న మంచోడే అయినా ఆ నిర్ణయం ఆయనది కాదు.

గుండె గురించి భయపెడుతూ ఎవరైనా ఏదైనా పంపితే దానికో కారణం ఉంది. ఇదే దారిలో పనిచేసే సిసాప్రైడ్ అనే పాత మందు గుండె లయ దెబ్బతీస్తోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది. ప్రూకలోప్రైడ్ దానికంటే చాలా ఎంచుకుని, పైన చెప్పిన ఆ రకం గ్రాహకాల మీదే ఎక్కువగా పనిచేస్తుంది, 2009లో యూరప్‌లో, 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయినా అమ్మకు గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. మనసు విషయం కూడా. ఈ మందు వేసుకుంటున్నప్పుడు బాగా దిగులుగా, బతుకు వద్దన్నట్టు మాట్లాడితే తేలిగ్గా తీసుకోకుండా ఆపి డాక్టర్‌కి చెప్పమని అమెరికాలో మందు వివరాల పత్రంలోనే హెచ్చరిక ఉంది.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మాత్రల సంచి. నాయన వేసుకునే ప్రతి మందూ, సగం తాగిన సిరప్‌తో సహా, ఒక సంచిలో వేసి డాక్టర్ టేబుల్ మీద పెట్టాను. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలో ట్రమడాల్ ఉంది, రక్తం తక్కువుందని ఐరన్, గ్యాస్‌కు అల్యూమినియం ఉన్న సిరప్, పైగా కాల్షియం. నాలుగూ మలబద్ధకం తెచ్చేవే! ఇవి వేసుకుంటూ మోషన్ రావట్లేదని ఇంకో మాత్ర వేయడమంటే కాలవకు గండి పెట్టి మోటర్ ఆన్ చేసినట్టే. నొప్పి మాత్ర మార్చి, సిరప్ ఆపించాకే మాత్ర పనిచేయడం తెలిసింది. ఐరన్ మాత్రం ఆపలేదు, రకం మార్చారు, కాబట్టి మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఆ సంచిలో చూర్ణాలు కూడా వేయండి. కడుపు సాఫ్ చేస్తుందని అమ్మే చాలా పొడుల్లో సునాముఖి ఉంటుంది, అది కూడా మందే. ఈ మాత్రతో పాటు అది కూడా పడితే విరేచనాలు పట్టుకుంటాయి, పొటాషియం పడిపోతుంది. అమ్మకు నిన్నటి విరేచనాలు అలాంటి పొడి కలిసి వచ్చాయేమో ఒకసారి అడగండి, మన పెద్దవాళ్ళు అడగందే చెప్పరు. థైరాయిడ్ తక్కువున్నా మలబద్ధకం వస్తుంది, ఆ పరీక్ష అయిందో లేదో కూడా చూడండి.

పేగులో ఎక్కడైనా అడ్డం ఉంటే, పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంటే, పేగు పూతల జబ్బు తీవ్రంగా ఉంటే ఈ మాత్ర వేయకూడదు. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా బయటికి పోకపోతే అది మలబద్ధకం అనుకుని మాత్ర వేసి కూర్చోవద్దు, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మోషన్‌లో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, పెద్ద వయసులో కొత్తగా మొదలైన మలబద్ధకం ఉంటే ముందు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) సంగతి అడగాలి. రక్తం అంటే మొలలే అని మనవాళ్ళు తేల్చేస్తారు, చాలాసార్లు నిజమే అవుతుంది, కానీ చూడకుండా ఆ మాట అనకూడదు.

తిండి గురించి మీకు అందరూ చెప్పే ఉంటారు, నేను రెండే అంటాను. మన బత్తాయి జ్యూస్ కాకుండా తొనలు తినాలి, షుగర్ ఉంది కాబట్టి లెక్కగా. జొన్నరొట్టె, పుంటికూర వంటివి ఎలాగూ మన ఇంట్లోవే. ఇసబ్‌గోల్ వేస్తే మాత్రం నీళ్ళు బాగా తాగాలి, తక్కువ నీళ్ళతో మింగితే అదే గడ్డకట్టి అడ్డం పడొచ్చు. ఇక ఆపుకోవడం. పత్తి చేలల్లో పొద్దంతా పనిచేసే ఆడవాళ్ళు వచ్చినా ఆపుకుంటారు, నీళ్ళు తాగితే పోవాల్సి వస్తుందని నీళ్ళే తాగరు, ఏళ్ళ తరబడి అలా చేస్తే ఏ మాత్ర మాత్రం ఏం చేస్తుంది! మోకాళ్ళ నొప్పుల వల్ల కమోడ్ వాడుతుంటే కాళ్ళ కింద చిన్న పీట వేయండి, మోకాళ్ళు తుంటికంటే పైకి వస్తే సులువవుతుంది. నాయనకు ఇది నచ్చడానికి టైం పట్టింది, ఇప్పుడు పీట లేకపోతే లోపలికే పోడు.

చివరికి మీ గురించి. అమ్మ స్ట్రిప్‌లోంచి మీరు వేసుకోవద్దు. గర్భం ఉన్నా, రావాలనుకుంటున్నా ఈ మందు వాడమనరు, పాలిచ్చే తల్లుల పాలలోకి కూడా వెళ్తుంది. గర్భం రాకుండా మాత్రలు వాడుతుంటే ఇంకో చిక్కు, విరేచనాలు బాగా అయితే ఆ మాత్ర ఒంటికి పట్టకపోవచ్చు, అప్పుడు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. నాకు రాసేముందు డాక్టర్ ఇవన్నీ అడిగాకే రాశారు. అమ్మను తీసుకెళ్ళే రోజే మీ పేరు మీద కూడా ఒక ఓపీ చీటీ తీసుకోండి.