పాలపిట్ట బొమ్మ: మీ స్టైల్ ఎక్కడికీ పోదు

పిల్లల కథకు వేసిన పాలపిట్టను ఎడిటర్ తిప్పి పంపారని, ఫొటోలు చూసి వేస్తే మీ స్టైల్ పోతుందేమోనని అడిగారు. పోదండీ. తేడా కొట్టింది గీతలో కాదు, రంగులో. తీగ మీద కూర్చున్న పిట్టను ఒళ్లంతా నీలంగా వేశారు. కూర్చున్నప్పుడు దాని రొమ్ము, వీపు గోధుమ రంగులోనే కనిపిస్తాయి, నెత్తి మాత్రం నీలం. రెక్క విప్పితేనే ముదురు, లేత నీలం పట్టీలు బయటపడతాయి. దసరానాడు జనం వెతుక్కునే పిట్ట కదా, పిల్లలు కూడా ఇట్టే పట్టేస్తారు!

పెద్ద తల, పొట్టి మెడ, దిట్టమైన ముక్కు ఉంచండి. కళ్లు పెద్దవి చేస్తారో, తోక సాగదీస్తారో మీ ఇష్టం. ట్రేసింగ్ మాత్రం వద్దు. నాలుగైదు ఫొటోలు బాగా చూసి, పక్కన పెట్టేసి గీయండి. కథలో పిట్ట ఎగిరే సీన్ ఉంటే రెక్కల పట్టీల నీలమంతా దానికే దాచుకోండి.